దస్తగిరన్న నునుపు చేసిన గోడలు

పక్కింటివాళ్లు గోడలకు రంగులు వేయిస్తున్నారు. పొద్దున్నుంచి ఎమరీ కాగితం గోడ మీద గరగరమని తిరుగుతూనే ఉంది. వంటింటి గడపలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నదాన్ని, ఆ చప్పుడుకు చెయ్యి ఆపేశాను. రుద్దేవాడు తొందరలో ఉన్నాడని ఇక్కడికే తెలిసిపోతోంది. ఒకచోట గట్టిగా పడుతోంది, ఒకచోట పల్చగా జారిపోతోంది. దస్తగిరన్న రుద్దితే అలా ఉండేది కాదు. జల్లెడలో పిండి ఆడుతున్నట్టు మొదటినుంచి చివరిదాకా ఒకే తీరు. కళ్లు మూసుకుని విన్నా గోడ ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేదాన్ని. కిటికీ సందులోంచి వచ్చిన తెల్లటి పొడి నా చేతుల మీద పడింది. కడుక్కోకుండా అలాగే కాసేపు కూర్చున్నాను. పిల్లలూ, మీరు ఆయన్ని చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ధర్మవరంలో మన ఇంటి ముందు గదిని అందరూ చీరల గది అంటారు కదా. అది గదిగా కట్టింది కాదు. మీ తాత అంబాసిడరు కారు బాడుగకు తిప్పే రోజుల్లో కట్టిన షెడ్డు. నడుము నొప్పి ముదిరి కారు అమ్మేశాక, ఆయన ఒక మందుల దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. షెడ్డు ఖాళీ పడింది. నాకు చీరలకు కుచ్చులు కట్టడం చిన్నప్పటినుంచి తెలుసు. మగ్గం మీదినుంచి దిగిన పట్టుచీరను పొడుగునా విప్పి, తప్పులు చూసి, కొంగు చివర పోగులను ముడులు వేసి కుచ్చులు కట్టి, మడత పెట్టి ఇచ్చే పని. వీధిలో నలుగురు ఆడవాళ్లు నాతో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నారు. చీరల వ్యాపారి వెంకటేశన్న పెండ్లిళ్ల కాలానికి తన చీరలు ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు.

"ఆ షెడ్డు గోడలు సూడు పద్దక్కా, గీరుకుంటే చర్మమే ఊడొస్తాది. నా చీరలు పీలికలైపోవా? నున్నగా చేయించు, అప్పుడు మాట్లాడదాం."

ఆయన అన్నది నిజం. షెడ్డు కారు పట్టేంత వెడల్పే. అందులో చీర విప్పితే రెండు వైపులా గోడకు తగలాల్సిందే. కారుకు నునుపెందుకని మేస్త్రీ లోపలి గోడలకు ముతక ఇసుకతో పూత పూసి వదిలేశాడు. పైగా ఏండ్ల తరబడి పొగ, నూనె మరకలు. ఆ గోడలు నునుపైతే నాకంటూ ఒక పని ఉంటుంది, లేకపోతే లేదు.

దస్తగిరన్నను మీ తాతే పిలుచుకొచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు. గుంతకల్లు రైల్వే క్వార్టర్లకు రంగులేసిన గుంపులో కుర్రతనంలోనే పని నేర్చుకున్నాడట. షెడ్డులోకి వచ్చి ముందు గోడ వైపు చూడలేదు. అరచెయ్యి కాకుండా చేతి వెనక వైపు గోడకు ఆనించి, మెల్లగా నడుచుకుంటూ షెడ్డు చుట్టూ తిరిగాడు.

"ఏమప్పా, ఈడ కారు పెట్టినారా, గానుగ పెట్టినారా? గోడంతా నూనే ఉండాది."

"పేరే కారు కదా దస్తగిరన్నా, కారింది" అన్నాడు మీ తాత.

దస్తగిరన్న నవ్వలేదు. "నవ్వుతా ఉండు. ఈ నూనె పోయేదాకా రంగు నీ మాట వినదు, నా మాట వినదు" అన్నాడు. అరచెయ్యి ఎందుకు పెట్టలేదని అడిగాను. "పనిజేసి పనిజేసి అరచెయ్యి మొద్దుబారింది మ్మా. దానికి అన్నీ నున్నగానే ఉంటాయి. వెనకపక్క చర్మం ఇంకా నిజం చెప్తాది" అన్నాడు.

ఎంత నునుపు కావాలని ఆయన అడిగితే నేను మాటలతో చెప్పలేకపోయాను. లోపలికి పోయి, మిగిలిపోయిన పట్టులోంచి ఒక్క పోగు తెచ్చాను. రెండు చేతులతో పట్టుకుని గోడ మీద లాగితే జానెడు కూడా పోకుండా తగులుకుని తెగిపోయింది. "ఈ పోగు ఈ కొననుంచి ఆ కొనకు యాడా తగులుకోకుండా పోవల్లన్నా" అన్నాను. ఆయన తెగిన ముక్కను తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"నలభై ఏండ్లాయ కుంచె పట్టి. గోడను పోగుతో కొలిచే మనిషిని ఇప్పుడే చూస్తాండా. సరేలే పద్దమ్మా, పోగు పోతాది."

పని మొదలయ్యాక నాకు తెలిసింది, రంగు వేయడం అనేది పనిలో ఆఖరి చిన్న ముక్క మాత్రమేనని. ముందు ఇనుప రేకుతో గోడంతా గీకాడు. బట్టల సోడా కలిపిన నీళ్లతో నూనె మరకలను రుద్దించాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. కడిగాక రోజుల తరబడి ఆరనిచ్చాడు. తర్వాత ప్రైమరు. తర్వాత లప్పం, అంటే తెల్లసిమెంటు, సుద్దపొడి నీళ్లతో కలిపి గరుకు పూడ్చడానికి గోడకు పట్టే పేస్టు. మందంగా ఒక్కసారే పట్టేస్తే పని తొందరగా అయిపోతుంది కదా అని అడిగాను. "మందంగా పట్టింది ఆరేటప్పుడు చీలతాది. పల్చగా ఒకటి పట్టు, ఆరనీ, రుద్దు, మళ్ల పల్చగా ఇంకోటి పట్టు" అన్నాడు. సాయంత్రం నాలుగు దాటాక షట్టరు పూర్తిగా ఎత్తించేవాడు. ఎండ పక్కనుంచి గోడ మీద పడితే, మధ్యాహ్నం కంటికి కనపడని గుంటలన్నీ నీడలతో బయటపడేవి. పెన్సిలుతో వాటి చుట్టూ సున్నాలు చుట్టేవాడు. "అందరూ రంగు దాచిపెడుతుందనుకుంటారు. కింద ఏముంటే అదే ఎత్తి చూపిస్తాది మ్మా. దాంట్లో మెరుగు ఎక్కువయ్యేకొద్దీ ఇంకా చూపిస్తాది" అనేవాడు. నన్ను ఊరికే నిలబడనివ్వలేదు. ఎమరీ కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి చేతికిచ్చి, గుండ్రంగా, బరువు వేయకుండా తిప్పమన్నాడు. మొదటిరోజు నేను రుద్దినచోట మూడు గుంటలు పడ్డాయి. "నువ్వు గోడ మీద కోపం తీర్చుకుంటాండావు. ఏమి జేసింది అది నిన్ను?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి తేలికైంది.

ఇక నీళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. మన బోరు నీళ్లు ఉప్పన. బిందె అడుగున తెల్లగా పేరుకునేది మీరూ చూశారు. ఆ నీళ్లతో లప్పం కలిపితే నీరు ఆరిపోయి ఉప్పు గోడలోనే ఉండిపోతుంది. పది పదిహేను రోజులకు రంగును లోపలినుంచి తోసుకుంటూ తెల్లటి బూజులా బయటికొస్తుంది. చౌడు పూసింది అంటాం. అందుకే దస్తగిరన్న కుళాయి నీళ్లే కావాలన్నాడు. కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని ఊరు మనది. తాగడానికి పట్టుకున్న డ్రమ్ములోంచే రోజూ రెండు బిందెలు ఆయనకు పెట్టేదాన్ని. ఆయన పని మొదలుపెట్టే ముందు బిందెలో చిటికెనవేలు ముంచి నాలుకకు తాకించుకునేవాడు. ఒక్క క్షణం ఆగేవాడు. "తీపే" అని తలూపి అప్పుడు పొడి కలిపేవాడు.

రెండు గోడలు పూర్తయ్యేసరికి రంజాన్ నెల వచ్చింది. ఎండలు మొదలైన రోజులు. నెల పొడుగునా రోజా, మన మాటలో ఒకపొద్దు, ఉంటూనే పనికి వచ్చేవాడు. ఉమ్మి కూడా మింగడేమో అన్నంత నిష్ఠ. అప్పటికి కుళాయి వచ్చి తొమ్మిది రోజులైంది. డ్రమ్ములో అడుగున ఉన్నవి ఇంట్లో తాగడానికే చాలవు. మీ అమ్మకు జ్వరం, గంజికీ జావకూ కూడా నీళ్లు చూసి చూసి వాడుతున్నాను. ఆరోజు పొద్దున బిందెలు ఆయన ముందు పెట్టేటప్పుడు రెండింటిలోనూ బోరు నీళ్లే పోశాను. గోడకు నాలుకుందా అనుకున్నాను. రెండు బిందెలతో ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆయన అలవాటుగా వేలు ముంచాడు. నోటిదాకా తీసుకుపోయి ఆగిపోయాడు. వేలిని లుంగీకి తుడుచుకుని నా వైపు చూశాడు.

"ఒగపొద్దుండాను కదా మ్మా, నోట్లో పెట్టకూడదు. నువ్వు చెప్పు. తీపా, ఉప్పా?"

"తీపే అన్నా" అన్నాను.

అడిగిన మరుక్షణమే అన్నాను. ఆయన నా మాట మీదే పొడి కలిపాడు. మరుసటి రోజూ అదే జరిగింది. మూడోరోజు కుళాయి వచ్చింది, మంచినీళ్లు పెట్టాను. కానీ ఆ రెండు రోజుల్లో తూర్పు గోడ మొత్తం లప్పం అయిపోయింది. తర్వాత రంగు కూడా పడింది. పాలమీగడ రంగు. పై నుంచి కిందికి రోలరు ఒకే ఊపులో దించేవాడు, సగం ఆరినచోటికి మళ్లీ పోయేవాడు కాదు. అంత అందమైన గోడలు మన వీధిలో ఎవరికీ లేవు. నేను సంతోషపడ్డాను. నీళ్ల సంగతి మరిచిపోయానని అబద్ధం చెప్పను. గుర్తుంది. ఏమీ కాలేదు కదా అనుకున్నాను, అంతే.

వెంకటేశన్న చూడటానికి వచ్చింది పండుగకు వారం ముందు. ఆయన కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు నచ్చితే ఆ ఇంటి రంగుల పని కూడా దస్తగిరన్నకే ఇస్తానని ముందే అన్నాడు. అంత పెద్ద పని ఆయనకు చాలాకాలంగా దొరకలేదు. దస్తగిరన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి షట్టరు పక్కన నిలబడ్డాడు. వెంకటేశన్న రెండు గోడలు తడిమి తల ఊపాడు. తూర్పు గోడ దగ్గరకు పోయి వంగాడు. నడుమెత్తున రంగు చిన్న చిన్న బొబ్బలుగా లేచి ఉంది. గోటితో గీకితే పెళ్లగా ఊడి కింద పడింది. లోపల తెల్లటి నూగు.

"ఇదేందప్పా, అప్పుడే చౌడు పూసె?"

దస్తగిరన్న దగ్గరికొచ్చి చూశాడు. ఆ తెల్లపొడిని వేలితో తీసి నలిపాడు. "పూత బాగా ఆరకముందే లప్పం పట్టినానేమో. నా చేతి తప్పే ఉంటాదన్నా" అన్నాడు.

"ఉంటాది. పొద్దంతా కడుపు మాడ్చుకుంటే చేతిలో సత్తువ యాడిది? మీ ఒగపొద్దులు అయిపోయినాకనే చేయాల్సింది. నా ఇంటికి మాత్రం వేరేవాళ్లను చూసుకుంటాలే."

ఒకపొద్దు మీద పెట్టాడు తప్పంతా. దస్తగిరన్న తల ఎత్తలేదు. నేను ఆయనకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. నా చీరలు పోతాయని భయం. వెంకటేశన్న వెళ్లిపోయాక కూడా నేను ఏమీ అనలేదు. దస్తగిరన్న షట్టరు దించి, సైకిలు తోసుకుంటూ, ఎక్కకుండా నడిచే పోయాడు.

మరుసటి పొద్దున పిలవకుండానే వచ్చి తూర్పు గోడ గీకడం మొదలుపెట్టాడు. పై నుంచి కింది దాకా మొత్తం. పొడి రాలిపోతోంది. ఆ పనంతా ఆయన ఒట్టి పుణ్యానికి, పస్తుతో, తనది కాని తప్పుకు చేస్తున్నాడు. గడప దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

"అన్నా, ఆ గోడకు బోరు నీళ్లు పెట్టినా. రెండు దినాలు. నువ్వడిగితే తీపే అని చెప్పినా."

రేకు ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. "ఏయే దినాలు?" అన్నాడు. చెప్పాను. "అయితే ఈ గోడొక్కటే. పడమటిది మంచిదే" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత తిరిగి నన్ను చూశాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

"నేను నాలికను నమ్ముకుని పనిజేసేటోణ్ణి పద్దమ్మా. ఆ పొద్దు నీ నాలికను నమ్ముకుంటి."

అంతే అన్నాడు. మళ్లీ గోడ వైపు తిరిగాడు.

మీ తాత తాను పోయి వెంకటేశన్నతో మాట్లాడి వస్తానన్నాడు. వద్దని నేనే పోయాను. దుకాణంలో పనివాళ్లు, చీరలు తెచ్చిన ఇద్దరు నేతగాళ్లు ఉన్నారు. నేను విషయం చెప్పాను. నా గొంతు నాకే వినపడినట్టు లేదు.

"ఏందక్కా, గొణుగుతాండావు? నాకు ఇనపడల్యా. గట్టిగా చెప్పు" అన్నాడు వెంకటేశన్న. వినపడిందని ఆయన కళ్లలో తెలుస్తూనే ఉంది.

గట్టిగా చెప్పాను. దస్తగిరన్న తప్పు లేదని, ఒకపొద్దు తప్పు అసలే లేదని, ఉప్పునీళ్లు పెట్టి మంచినీళ్లని చెప్పింది నేనని. నేతగాళ్లిద్దరూ నా వైపు తిరిగారు.

"నీళ్లకాడ అబద్ధమాడినదానివి, రేపు నా చీరలకాడ ఆడవని ఏంది గ్యారంటీ?"

"గ్యారంటీ ఏమీ లేదన్నా. చీరల కోసరం రాలేదు నేను. ఆయప్ప పని సూసినావు కదా, మంచినీళ్లు పోసిన గోడలు ఎట్లుండాయో. ఇంటి పని ఆయప్పకే ఇయ్యి. నాకియ్యకపోయినా ఏమనుకోను."

వెంకటేశన్న ఒక చీర మడత విప్పి మళ్లీ అదే మడత పెట్టాడు. "ఆయన్ను పండగైనాక రమ్మను" అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "నీ సంగతి వానలు పోయినాక సూద్దాం. గోడ నిలబడితే అప్పుడు" అన్నాడు. అంటే పెండ్లిళ్ల కాలం నాకు పోయినట్టే. నాతో కూర్చోవాల్సిన నలుగురిలో ఇద్దరు వేరేచోట పనికి చేరారు. వాళ్లకు కూడా నేనే సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

తూర్పు గోడను ఇసుక పూత దాకా తోడేసి మళ్లీ కడగాల్సి వచ్చింది. నీళ్లు నేనే తెచ్చాను, స్టేషను వైపు ట్యాంకు నుంచి, నడుమున ఒక బిందె, చేతిలో ఒకటి. పన్నెండు రోజులు. దస్తగిరన్న నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడేవాడు. "చెక్క ఇయ్యి." "తడిగుడ్డతో పొడి తుడువు." "అది ఆరల్యా, తాకొద్దు." ఒకపొద్దు ఉన్నన్నాళ్లూ నీళ్లు ఎలాంటివని నన్ను అడగలేదు. వీధిలో పోయే ఎవరినో పిలిచి రుచి చూడమనేవాడు. అది నాకు పడాల్సిన శిక్షే. అయినా కష్టంగా ఉండేది. పండుగ తర్వాత ఆఖరి రంగు వేశాడు. అది ఆరిన రోజు, "పోగు తే" అన్నాడు. తెచ్చాను. గోడ ఈ కొనన మొదలుపెట్టి ఆ కొనదాకా లాగాను. చేతిలో పోగు ఉందో లేదో తెలియనంత మెత్తగా జారింది. ఆయన సామాను సర్దుకుంటూ, "నీ చెయ్యి కూడా ఉండాది దాంట్లో" అన్నాడు. పన్నెండు రోజుల్లో ఆయన నాతో అన్న, పనికి సంబంధం లేని మాట అదొక్కటే.

ఆ ఏడు వానలు పడ్డాయి, ఉన్నంతలో. గోడ నిలబడింది. వెంకటేశన్న వచ్చి, గోటితో నాలుగుచోట్ల గీకి చూసి, మరుసటిరోజు పద్నాలుగు చీరలు పంపాడు.

మరుసటి ఏడు రంజాన్ పది పన్నెండు రోజులు ముందే వచ్చింది. మన వీధి చివర ఒక ఇంట్లో దస్తగిరన్న లప్పం పని చేస్తున్నాడు. ఒకరోజు పొద్దున నేను చీర విప్పుకుని కూర్చుని ఉంటే, షట్టరు దగ్గర నీడ పడింది. ఆయన చేతిలో స్టీలు గ్లాసు, సగం వరకు నీళ్లు. ఆ ఇంట్లో మనుషులు లేరా, దారిలో మనుషులు లేరా? అందరినీ దాటుకుని వచ్చాడు.

"ఒగపొద్దుండాను మ్మా. కొంచెం చూసి చెప్తావా?"

గ్లాసు తీసుకున్నాను. ఒక గుక్క నోట్లో పోసుకుని వెంటనే మింగలేదు. అటూ ఇటూ తిప్పాను. ఆయన తొందర పెట్టలేదు, నిలబడి ఉన్నాడు. మింగాక కూడా కొంతసేపు ఆగాను.

"ఉప్పుండాదన్నా. కొంచెమే. అయినా ఉండాది."

ఆయన తలూపి, గ్లాసు తీసుకుని, మిగిలిన నీళ్లు వాకిట్లో పారబోసి వెళ్లిపోయాడు. ఆ నెల పొడుగునా పొద్దున్నే గ్లాసు వచ్చేది. ఆ తర్వాత ఆయన ఊళ్లో పనిచేసిన ప్రతి రంజాన్‌కూ వచ్చేది. కళ్లు పూర్తిగా మసకబారి కుంచె వదిలేసేదాకా. ఆయన పోయి ఎనిమిదేళ్లు దాటింది. వాళ్ల ఇంటికి పోయినప్పుడు ఆయన కోడలు నన్ను ఎవరికో చూపిస్తూ, "మా మామకు నీళ్లు చూసిచ్చే అమ్మ ఈమే" అంది. నన్ను ఎవరైనా అంత పెద్ద పేరుతో పిలవడం అదే మొదలు, అదే ఆఖరు.

మీరు ఫోను చేసి, "బాగుండావా అవ్వా?" అని అడుగుతారు. నేను వెంటనే బదులు చెప్పను. లైను తెగిపోయిందనుకుని మీరు హలో హలో అంటారు. చిన్నోడైతే ఒకసారి పెట్టేసి మళ్లీ చేస్తాడు. తెగిపోదు పిల్లలూ. నేను చూసుకుంటూ ఉంటాను. మోకాలు ఎలా ఉందో, మాత్ర వేసుకున్నానో లేదో, రాత్రి నిజంగా నిద్ర పట్టిందో లేదో. మీరు నా మాట నమ్మి ఫోను పెట్టేసి మీ పనుల్లో పడతారు కదా. అందుకని ఒక్క నిమిషం ఆగండి. చూసి చెప్తాను.